సీసా అడుగున మిగిలిన మందు

పోలీస్ యాక్షన్ మాట ఎత్తితే మా ఇబ్రహీంపట్నంలో ప్రతివాళ్లకూ ఏదో ఒక చప్పుడు గుర్తొస్తుంది. ఒకరికి విమానం మోత, ఒకరికి లారీల రొద, ఒకరికి బజార్లో జనం వేసిన కేకలు. అరుగుల మీద ఆ కబుర్లు మొదలైతే నేను లేచి లోపలికి పోతాను. నాకు చెప్పుకోవడానికి చప్పుడేదీ లేదు. చలిజ్వరం మందు తాగకూడని తీరుగా తాగి, సరిగ్గా ఆ రోజుల్లోనే నేను చెవిటిదాన్నయ్యాను. కొన్నాళ్లు చూపు కూడా మసకబారింది. అప్పటికి నా బిడ్డ ఎల్లికి ఇంకా కూర్చోవడం కూడా రాదు.

ఇప్పుడు ఎల్లి బడికి పోతోంది. నా కుడి చెవిలో ఈల ఇప్పటికీ పోలేదు. ఎవరైనా ఆ వైపు కూర్చుని మాట్లాడితే నేను నవ్వి తలూపుతాను, వాళ్లు చావు కబురు చెప్పినా సరే. ఈ సంగతులు రాస్తే నాలో మిగిలిపోయిన భయం కొంతైనా దిగుతుందని రాస్తున్నాను. ఇంట్లోకి మందు సీసా వచ్చిన వాళ్లెవరైనా చదివి జాగ్రత్త పడితే మరీ మంచిది. కల్లు పోసే ఇంటి కోడలికి ఈ రాత ఎలా వచ్చిందని అడుగుతారేమో. మా పుట్టినూరు యాచారంలో మా అన్న గ్రంథాలయానికి పోయి అక్షరాలు నేర్చుకుని, ఇంటికి వచ్చి నా మీద పంతులుగిరీ చేసేవాడు. వాడి మొట్టికాయలు తిన్నందుకు ఈ మాత్రం వచ్చింది.

శ్రావణం

మా ఆయన నర్సయ్య శేరిగూడ వైపు ఈతవనంలో చెట్లెక్కేవాడు. మా అత్త ఇంటి ముందు లొట్టి కుండలు పెట్టుకుని కల్లు అమ్మేది. కల్లు సంగతి ఆమెకు తెలిసినంతగా మా వాడలో మరెవరికీ తెలియదు. వాసన చూసి ఏ చెట్టు కల్లో చెప్పేది. ఆమె రాజ్యంలో ఒకటే చట్టం, లొట్టిని కదపకూడదు. కాసేపు కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. ఆ తేటను మెల్లగా వంచి ముంతలో పోయాలి. మడ్డి కలిసిందంటే తాగినవాడికి కడుపు ఉబ్బుతుంది, తల పగులుతుంది, మర్నాడు వచ్చి మన గుమ్మం ముందే తిడతాడు. ఎవరైనా చూసుకోక లొట్టికి కాలు తగిలిస్తే వాళ్ల ఇంటిల్లిపాదికీ ఆ పూట తిట్లే భోజనం.

వానలు పడ్డాక నాకు చలిజ్వరం పట్టుకుంది. బయట ఎండ కాస్తుంటే నేను లోపల గొంగడి కప్పుకుని పళ్లు టకటకలాడించేదాన్ని. వణుకు ఆగక మంచం కూడా కదిలేది. అప్పుడు అత్త వచ్చి నా మీద బరువంతా వేసి పడుకునేది. చలి పోయాక ఒళ్లు కాలిపోయేది, ఆ తరువాత చెమట పట్టి చీర తడిసిపోయేది. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి పని చేసుకునేదాన్ని. ఆ మర్నాడు మళ్లీ అదే వరస. నాకు పాలు తగ్గిపోయాయి. ఎల్లి రొమ్ము పట్టి లాగిలాగి, ఏమీ రాక, ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. నా ఒంటికంటే నన్ను ఆ ఏడుపే ఎక్కువ బాధపెట్టింది.

దవాఖాన మా ఊళ్లోనే ఉన్నా అక్కడిదాకా పోవడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. బజార్లో రజాకార్లు తిరిగేవాళ్లు. ఊరి బయటికి పోతే సంఘం వాళ్లు ఎదురయ్యేవాళ్లు. ఇటువాళ్లూ అటువాళ్లూ అడిగేది ఒకటే, ఎక్కడి నుంచి, ఎవరి మనిషివి అని. మా ఆయన ఒక చేత్తో నన్నూ మరో చేత్తో కడిగిన ఖాళీ సీసానూ పట్టుకుని నడిపించాడు. దవాఖానలో మందు ఇస్తారు కానీ సీసా ఇవ్వరు. వరండా నిండా జనం, అందరి చేతుల్లో తలా ఒక రకం సీసా. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎవరు ఎటువైపు మనిషో తెలియని కాలం కదా, దగ్గు కూడా ఆపుకుని దగ్గేవాళ్లు. నా సీసాకు మూత లేదని చూసి, పక్కన కూర్చున్న బురఖా ఆవిడ తన సంచిలోంచి బిరడాకు పనికొచ్చే మక్కబెండు ముక్క, గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకిది, తీసి నా చేతిలో పెట్టింది. మాట మాత్రం ఆడలేదు. ఆవిడ ముఖం కూడా నేను చూడలేదు.

డాక్టరు పట్నం పోయి ఉన్నాడు. మందిచ్చింది కాంపౌండర్ సాబ్, గడ్డం నెరిసిన పెద్దమనిషి. సీసాలో కునైన్ మందు పోసి, దాని పక్కన రంపం పళ్లలా కత్తిరించిన కాగితం పట్టీ అంటించాడు. ఒక్కో పన్ను దాకా దిగితే ఒక పూట మందు అయినట్టు.

"మంచిగ ఊపాలె. ఊపి ఒక్క గీత మందం పొయ్యాలె. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. సమజైందా?" అన్నాడు మా ఆయనతో.

"అయింది సాబ్."

ఇంటికి వచ్చేసరికి అత్త ఎదురొచ్చి సీసా అందుకుంది. చూరుకింద వెలుతురుకు పట్టి చూసి మొహం చిట్లించింది. అడుగున తెల్లటి మడ్డి దిగి ఉంది.

"గిదేంది, గింత మడ్డి?"

"ఊపి తాపమన్నడవ్వా," అన్నాడు మా ఆయన.

"ఊపుతె మడ్డంత లేస్తది. పాలిచ్చే తల్లికి మడ్డి తాపుతవా? రేపు పిల్లకు కడుపు నొస్తె ఎవరు సూడాలె?"

"సాబే చెప్పిండు."

"సాబుకేం ఎరుక? ఎన్నడన్న లొట్టి వంచిన మొకమేనా ఆయనది?"

ఊపమన్న మనిషి ఎందుకు ఊపాలో చెప్పలేదు. ఊపవద్దన్న మనిషి ఎందుకు వద్దో చెప్పింది, అదీ మేం రోజూ కళ్లతో చూసే కారణం. మా ముగ్గురికీ అదే సబబుగా తోచింది.

అలా మందు సీసా మా ఇంట్లో కల్లు లొట్టి అయింది. అత్త దాన్ని గూట్లో పెట్టి, అటువైపు పిల్లిని కూడా పోనిచ్చేది కాదు. పూటపూటకూ ఊపిరి బిగబట్టి తేటను గిన్నెలోకి వంచేది. అడుగు కదిలిందేమోనని సీసా మళ్లీ ఎత్తి చూసుకునేది. కన్నతల్లి కూడా అంత శ్రద్ధగా మందు పోయదు. ఆ మందు పెద్దగా చేదు కూడా లేదు. పక్కింటి యాదమ్మ వచ్చి, కునైన్ అంటే వేపాకు నయం అంటారే, నీకెట్లా దిగుతోంది అని ఆశ్చర్యపోయింది. "మా అత్త చేతి మహిమ" అన్నాను. అత్త మురిసిపోయింది. జ్వరం మాత్రం రోజు విడిచి రోజు, దాని వేళకు అది వస్తూనే ఉంది.

భాద్రపదం

చవితి పోయింది. నేను గోడ పట్టుకుంటే తప్ప నడవలేని స్థితికి వచ్చాను. ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, పటాలం వస్తోందని. దవాఖాన తలుపులు మూసేశారు. ఇంకో సీసా తెచ్చే దారి లేదు. ఉన్న సీసాలో తేట అయిపోయి, అడుగున చిక్కటి తెల్లని మడ్డి మిగిలింది. పారెయ్యమంటే అత్త ఒప్పుకోలేదు, మందు కదా, ఉండనీ అంది.

ఒక మధ్యాహ్నం జ్వరం ముందెప్పుడూ లేనంతగా వచ్చింది. అదే పూట విమానాలు వచ్చాయి. వాడంతా తలుపులు వేసుకుంది. నేనేదో పలవరిస్తున్నానని, ఎల్లిని ఎవరో ఎత్తుకుపోతున్నారని అరుస్తున్నానని తరువాత చెప్పారు. మా ఆయన కాంపౌండర్ సాబ్ ఇంటికి పోతానని తలుపు తీయబోతే అత్త అడ్డం నిలబడింది. బయటికి పోయిన కొడుకు తిరిగి వస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు. కొడుకును ఆపింది కాబట్టి కోడలికి ఏదో ఒకటి చేయాలి. గూట్లోంచి సీసా తీసింది. అందులో వేడినీళ్లు పోసింది. ఇన్నాళ్లూ కదపని సీసాను బొటనవేలు అడ్డం పెట్టి గడగడా ఊపింది. సీసా గోడలకు అంటుకున్నది కూడా వదలకుండా కడిగి, అంతా ఒకేసారి గిన్నెలో పోసి నా నోటికి అందించింది.

అంత చేదు నా జన్మలో ఎరగను. నాలుక మొద్దుబారింది. ఉమ్మబోతే అత్త నా గదుమ పట్టుకుంది.

"గింత చేదున్నదంటె సత్తువంత గిండ్లనె ఉన్నది. మింగు బిడ్డా, మింగు."

అత్త చెప్పింది నిజమే. సత్తువంతా అందులోనే ఉంది. అన్ని పూటల సత్తువా అందులోనే ఉంది.

కాసేపటికి చెవుల్లో ఈల మొదలైంది. ముందు దూరంగా, తరువాత తలలోపలే. కడుపులో తిప్పి భళ్లున వాంతయింది, మళ్లీ అయింది. కళ్ల ముందు పొగ కమ్మినట్టయి అత్త ముఖం చుట్టూ నల్లబడింది. లేచి కూర్చోబోతే ఇల్లు గిర్రున తిరిగింది. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందని సంతోషపడి మా ఆయనను పిలిచాను. పిలిచానని అనుకున్నాను కానీ నా గొంతు నాకు వినబడలేదు. ఆయన మసకమసకగా వచ్చి నా ముందు కూర్చుని నోరు కదిపాడు. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు. నా చెవుల్లో ఈల తప్ప ఈ లోకంలో మరో చప్పుడు లేదు.

ఎల్లిని తెచ్చి నా ఒళ్లో పెట్టారు. దాని నోరు తెరుచుకుని ఉంది. చిగుళ్లు కనబడుతున్నాయి. ఏడుస్తోందో ఆవులిస్తోందో నాకు తెలియలేదు. అప్పుడు ఏడ్చాను, అంతదాకా ఏడవలేదు.

ఆ తరువాతి రోజుల్లో ఎవరో వచ్చి నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, భుజం తట్టి, నవ్వుతూ పోయారు. నాకు జ్వరం తగ్గినందుకు ఊరు ఇంత సంబరపడుతోందా అనుకున్నాను. పాత సర్కారు దిగిపోయిందని తరువాత మా ఆయన నా అరచేతి మీద వేలితో రాసి తెలియజేశాడు. ఆయనకు వచ్చింది నాలుగక్షరాలు, అందులో రెండు తప్పులు. నాకు ఒక్క ముక్క సంతోషం కలగలేదు. పడుకున్నప్పుడు పిల్ల ఏడిస్తే తెలియాలని నా కొంగు చివర దాని కాలికి కట్టుకునేదాన్ని. కాలు ఆడిస్తే కొంగు లాగేది. కాలు ఆడించకుండా ఏడ్చిన ఏడుపులు ఎన్నో నాకు తెలియదు.

మా ఆయన కాంపౌండర్ సాబ్ కోసం పోయాడు. ఇక్కడి నుంచి నేను రాసేదంతా తరువాత ఆయన చెబితే తెలిసింది. అప్పటికి భయం ఇల్లు మారింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముసల్మానుల గురించి వినరాని కబుర్లు వస్తున్నాయి. సాబ్ ఇంటి తలుపు ఎంత తట్టినా తీయలేదు. "నేను సాబ్, కల్లు నర్సయ్యను. నా పెండ్లానికి చెవులు పోయినయి" అని చెబితే గొళ్లెం తీశారు. లోపల ఆడవాళ్లు వద్దని ఏడుస్తున్నా సాబ్ బయలుదేరాడు. టోపీ తీసి ఇంట్లో పెట్టి, మా ఆయన తువ్వాల తలకు చుట్టుకుని, మా ఆయన పక్కనే నడిచి వచ్చాడు. ఆయన ప్రాణం ఆయన అరచేతిలో ఉన్న రోజులవి. నన్ను చూడటానికి రావలసిన పని లేదు. వచ్చాడు.

నా కనురెప్పలు ఎత్తి చూసి, చెవి దగ్గర చిటికెలు వేసి, సీసా తెమ్మన్నాడు. ఖాళీ సీసా చూసి, ఊపి తాపారా అని అడిగాడు. అత్త దాచలేదు. తేట ఎలా వంచిందో, చివరికి మడ్డి ఎలా తాపిందో, కల్లు గురించి చెప్పినట్టే వరసగా చెప్పింది. ఆయన తల పట్టుకుని మా మంచం పక్కన కింద కూలబడ్డాడు.

"గా మడ్డే మందు అమ్మా. మీదుండేది ఉత్త నీళ్లు. ఇన్ని దినాలు నీళ్లు తాపి, అన్ని దినాల మందు ఒక్క గుక్కల తాపినవ్. వాంతయింది గాబట్టి మనిషి దక్కింది."

"చెవులొస్తయా సాబ్?" అని మా ఆయన అడిగాడు.

"కండ్లు వస్తయి. చెవులు... రావచ్చు, రాకపోవచ్చు. నేను అబద్ధం చెప్ప."

ఆయన్ను ఇంటిదాకా దింపి వచ్చాక మా ఆయన తల్లి మీద విరుచుకుపడ్డాడు. అది మాత్రం నా మసక చూపుతోనే నేను చూశాను. మెడ సాచి, చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. అరిచి అరిచి, బయటికి పోయి, తేరుకోవడానికి పెట్టిన లొట్టిని కాలితో తన్నాడు. కల్లు వాకిలంతా పారింది. నేను అత్త నోటి వంకే చూశాను. ఆ నోరు కదలలేదు.

నాకు అత్త మీద కోపం రాలేదని రాస్తే అది పచ్చి అబద్ధం. ఆమె ముద్ద కలిపి తెస్తే మొహం తిప్పుకున్నాను. ఆమె ఎల్లిని ఎత్తుకుంటే లాక్కున్నాను. మంచి చేయబోయే చేసిందని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? చెడ్డ మనసుతో చేసి ఉంటే తిట్టి కడుపు మంట చల్లార్చుకునేదాన్ని, ఇప్పుడు ఆ దారి కూడా లేదు.

బతుకమ్మ రోజులు

సాబ్ చెప్పినట్టే చూపు ముందు వచ్చింది. ఒక ఉదయం యాదమ్మ తెచ్చిన తంగేడు పూలు పచ్చగా కనిపించాయి. ఎన్ని రోజులకో రంగు చూసి ఆ పూలను ముఖానికి అద్దుకున్నాను. యాదమ్మ నన్ను బలవంతాన ఆటకు లాక్కుపోయింది.

అందరూ గుండ్రంగా తిరుగుతున్నారు. చేతులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, చప్పట్ల చప్పుడు లేదు. పెదవులు ఒకేసారి తెరుచుకుంటున్నాయి, పాట లేదు. నేను లయ తప్పి ముందున్న ఆమె మడమ తొక్కాను. ఆమె వెనక్కి తిరిగి ఏదో అంది. నలుగురు నవ్వారు. బహుశా మామూలు మాటే అయి ఉంటుంది. చెవులు లేనివాళ్లకు ప్రతి నవ్వూ తమ మీదే అనిపిస్తుంది. వరస విడిచి వచ్చేస్తుంటే యాదమ్మ పరుగున వచ్చి నా అరచేయి పట్టుకుని, దాని మీద తన వేళ్లతో తాళం వేస్తూ నన్ను మళ్లీ వరసలో నిలబెట్టింది. తాను చప్పట్లు కొట్టడం మానేసి, చివరిదాకా నా చేతి మీదే కొట్టింది. దూరంగా చెట్టు మొదట్లో అత్త నిలబడి చూస్తోంది. ఆ ఏడు ఆమె ఆటలోకి దిగలేదు.

మందుల గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడే చెబుతాను. మందు కల్లు కాదు, కషాయం కాదు, మన వంటింటి వస్తువు ఏదీ కాదు. మన అనుభవం ఎంత గొప్పదైనా దాని మీద ప్రయోగించకూడదు. ఇచ్చినవాళ్లు ఏదైనా చేయమంటే ఎందుకని అడగాలి. అడిగితే కసురుకుంటే కసురుకోనీయండి. ఒక పూట మందు తప్పిపోతే ఏం చేయాలో కూడా అప్పుడే అడిగి పెట్టుకోవాలి, రెండు పూటలది కలిపి ఒకేసారి మింగకూడదు. మందు పని చేయడం లేదనిపిస్తే ఇంట్లో పంచాయితీ పెట్టుకోకుండా ఇచ్చినవాళ్లకే చెప్పాలి. అడుగున మిగిలింది పారెయ్యడానికి చెయ్యి రాకపోతే నా కుడి చెవిని తలుచుకోండి. నేనిప్పుడు దవాఖానకు పోతే కాంపౌండర్లు నన్ను చూసి నిట్టూరుస్తారు, వచ్చింది ప్రశ్నల మనిషి అని. నిట్టూరిస్తే నాకేం ఫికర్ లేదు.

కార్తీకం

చలి మొదలైంది. మళ్లీ జ్వరం వస్తుందేమోనని ఒళ్లు ఏ కాస్త వణికినా నాకు గుండె జారేది. వస్తే ఆ మందే తాగాలి, తాగితే చెవులు ఇక రావేమో. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్లు ఇచ్చే జవాబు నాకు వినబడదు కదా.

మార్పు ఎప్పుడు మొదలైందో సరిగా చెప్పలేను. ఒక రోజు వేయించిన పల్లీలు నములుతుంటే ఎడమ చెవిలో ఏదో కరకరలాడింది. భ్రమ అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఇంకోనాడు తిరగలి తిప్పుతుంటే గరగర తెలిసింది, తిప్పడం ఆపితే అది కూడా ఆగింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఆపాను. పిండి అవసరం లేకపోయినా జొన్నలు పోసి తిప్పుతూనే కూర్చున్నాను. అయినా మనుషుల మాట మాత్రం రాలేదు. చెప్పుకుంటే దిష్టి తగిలి అది కూడా పోతుందేమోనని నోరు మూసుకున్నాను.

ఒక పొద్దున వాకిట్లో ఎండ పడుతోంది. నేను గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. అత్త నాకు వీపు పెట్టి, కాళ్లు చాపి, కాళ్ల మీద ఎల్లిని పడుకోబెట్టి నూనె రాస్తోంది. అప్పటికి నేను పిల్లను ఆమెకు ఇవ్వడం మొదలుపెట్టాను. పనికి మరో చేయి కావాలి కాబట్టి ఇచ్చాను, అంతకుమించి కాదు. చేట ఆపి రాయి ఏరుతున్నాను. ఎడమ చెవిలోకి సన్నగా, తడి గుడ్డలోంచి వడకట్టినట్టు, ఒక గొంతు వచ్చింది. మొదట నా తలలో మాటే అనుకున్నాను.

"...గట్టిగ నేర్సుకోవాలె బిడ్డా. నీకు మాటలొచ్చినప్పుడు మెల్లగ మాట్లాడకు, గట్టిగ ఒర్రు. మీ అమ్మకు ఇనపడాలె. నేనే జేసిన, నేనే గిట్ల జేసిన. ఆమె నాతోటి మాట్లాడకపోతె మాయె. నువ్వన్న ఆమెకు ఇనపడాలె. ఏదీ, అను. అమ్మా అను. గట్టిగ."

నా చేతిలో రాయి జారి మళ్లీ బియ్యంలో పడింది. ఆమె వీపు కదులుతోంది, నూనె చేయి పిల్ల గుండె మీద పైకీ కిందికీ పోతోంది. తిరిగి చూస్తే ఆమె మాట ఆపేస్తుందని నేను ఊపిరి కూడా తీయలేదు. ఆమె రోజూ ఇలా చెబుతోందా? ఎన్నాళ్ల నుంచి చెబుతోంది? కోపం నాలో ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఉంది. ఉన్నా, దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది.

అప్పుడు అత్త గొంతు కింద నుంచి ఇంకొక గొంతు వినిపించింది. చిన్నది, సన్నది, ఎత్తుకుని దించుకుని మళ్లీ ఎత్తుకునేది. దాన్ని నేను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"అత్తా," అన్నాను. "పిల్ల ఏడుస్తంది. ఇటియ్యి."

నూనె చేయి ఆగిపోయింది. అత్త మెడ మెల్లగా ఇటు తిరిగింది. నా ముఖం చూసింది, నా చెవుల వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఏడుస్తలేదే," అంది, తనలో తాను అనుకున్నంత మెల్లగా. "ఉత్తగ గునుస్తంది."

ఆ మాట కూడా నాకు వినిపించింది.